లెక్కల సారు గొంతు

థెరపిస్టు అంటే ఏం పని చేస్తాడో సరిగా తెలియక ముందే, ఎలాంటి థెరపిస్టును కావాలో నేను తేల్చేసుకున్నాను. చదువుకునే రోజుల్లో హాస్టల్లో కరెంటు పోయినప్పుడల్లా మాకు అదే ఆట. గోడకు జారగిలబడి, ఎవరికి కావలసిన థెరపిస్టు వేషం వాళ్ళం కట్టి చూపించేవాళ్ళం. మా పరిశోధన ప్రకారం లోకంలో థెరపిస్టులు మూడు రకాలు. మొదటిది మౌనముని రకం. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎదుటి మనిషి ఎంత చెప్పినా "ఊఁ" తప్ప ఇంకో మాట అనడు. రెండోది గద్దింపు రకం. మా ఊళ్ళో ఒక ఆరెంపీ డాక్టరు ఉండేవాడు. సూది వేసేముందు నాలుగు తిట్లు వేసేవాడు, సగం జ్వరం ఆ తిట్లకే దిగేది. మూడోది అమ్మమ్మ రకం. తల నిమిరి, ఏం కాదులే నాన్నా అంటుంది.

నేను మౌనమునిని కావాలనుకున్నాను. ఆ కళ్ళజోడు నాకు బాగా నప్పుతుందని నా నమ్మకం. నా రూమ్మేటు పగలబడి నవ్వింది.

"నువ్వా? మీవాళ్ళు నీకు చిన్నప్పుడు వస కాస్త ఎక్కువే పోసుంటారు. నువ్వు అయిదు నిమిషాలు నోరు మూసుకుంటే ముందు నిన్నే ఆస్పత్రిలో చేర్పించాలి," అంది.

మనసులు బాగుచేసే చదువు నాకు దొరకలేదు. మాటలు బాగుచేసే చదువు దొరికింది. స్పీచ్ థెరపిస్టునై తొంభైల మధ్యలో విజయవాడ వచ్చి, సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రిలో చేరాను. అది అన్నదమ్ముల ఆస్పత్రి. అన్నగారు చెవి, ముక్కు, గొంతు డాక్టరు. తమ్ముడుగారు ఎముకల డాక్టరు. అన్నగారి కింద నేను, తమ్ముడుగారి కింద ఒక ఫిజియోథెరపిస్టు. మా ఇద్దరి గదులకీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. అవతల మోకాలు విరుచుకుంటే ఇవతల నాకు వినపడేది. ఇవతల నా దగ్గర పిల్లలు "అ" అంటే అవతల నడుంనొప్పి ముసలాయన "ఆ" అనేవాడు.

ఆ ఫిజియో వన్ టౌన్ కుర్రాడు. వాళ్ళ నాన్నగారికి అక్కడ గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. రంజాన్ వచ్చిందంటే నా టేబుల్ మీద షీర్‌ఖుర్మా క్యారేజీ ఉండాల్సిందే. నన్ను అక్కా అని పిలిచేవాడు. అతనికి నా ఉద్యోగం మీద కన్ను.

"మళ్ళీ చదువుకునే ఛాన్స్ వస్తే నేను మాటల థెరపీయే చదువుతానక్కా. నీ చేతికి నూనె అంటదు. నేను ఇంటికెళ్తే మా ఆవిడ, మీ దగ్గర పరాయి మోకాళ్ళ వాసన వస్తందంటది," అని వాపోయేవాడు.

ఇప్పుడు ఈ చదువు చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, మేం ఎలాంటి థెరపిస్టులం కావాలి మేడమ్ అని అడుగుతుంటారు. పిల్లలూ, సలహాలు చెప్పడం నాకు చేతకాదు. లెక్కల సారు సంగతి చెబుతాను, మీకేం కావాలో మీరే ఏరుకోండి.

నేను ఆస్పత్రిలో చేరిన ఏడెనిమిదేళ్ళకి వచ్చారాయన. పేరు చెప్పను. చెప్పనక్కర్లేదు కూడా. ఆ రోజుల్లో ఫలితాలు వచ్చాయంటే బెజవాడలో ప్రతి పేపర్లోంచీ ఒక రంగుల కరపత్రం జారిపడేది. అందులో ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోల పైన, చేతులు కట్టుకుని నిలబడ్డ నలుగురు లెక్చరర్లలో ఆయనొకరు. ఎంసెట్ లెక్కలంటే ఆయనే. ఆయన క్లాసు కోసం పిల్లలు భీమవరం నుంచీ మచిలీపట్నం నుంచీ వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. ఆయన గొంతు గురించి కూడా చెప్పుకునేవారు. నూట ఇరవై మంది ఉన్న హాల్లో మైకు లేకుండా మాట్లాడితే చివరి బెంచీలో నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడట.

అలాంటి మనిషి ఒక తెల్లవారుజామున బోర్డు మీద లెక్క వేసి, పిల్లల వైపు తిరిగి నోరు తెరిస్తే గాలి వచ్చింది. మాట రాలేదు. మంచినీళ్ళు తాగారు, మిరియాల పాలు తాగారు, ఇంట్లోవాళ్ళు వస కూడా అరగదీసి నాకించారు. రెండు వారాలైనా అంతే. చివరికి భార్యను వెంటబెట్టుకుని మా ఆస్పత్రికి వచ్చారు.

పెద్ద డాక్టరుగారు గొంతులో అద్దం పెట్టి చూసి, వాళ్ళను నా గదికి పంపి, వెనకే తనూ వచ్చారు.

"లోపల ఏమీ లేదమ్మా. స్వరపేటిక పసిపిల్లాడిదిలా ఉంది. దగ్గమంటే కంచులా దగ్గుతున్నారు. మాట్లాడమంటే గాలి. ఇంక నీ పని," అన్నారు.

ఈ జబ్బు నటన కాదు. అది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. మనిషి నిజంగానే నోరు తెరుస్తాడు, నిజంగానే మాట రాదు. దగ్గు వస్తుంది, నవ్వు వస్తుంది, మాట మాత్రం రాదు. లోపల ఎవరో ఆయనతో చెప్పకుండా స్విచ్ కట్టేసినట్టు ఉంటుంది. ఆ స్విచ్ ఎక్కడుందో వెతకడమే మన పని.

నేనొక పలక ఇచ్చి, మీ బాధేమిటో రాయండి అన్నాను. ఆయన బలపం తీసుకుని గుండ్రటి అక్షరాలతో, జామెట్రీ సిద్ధాంతం వేసినట్టు రాసి చూపించారు.

"దత్తాంశం: గొంతు లేదు. సారాంశం: దసరా సెలవుల తర్వాత గొంతు ఉండవలెను. ఉపపత్తి: మీరు చెప్పవలెను."

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. భార్య వివరం చెప్పింది. "సెలవులయ్యేలోగా గొంతు రాకపోతే గుంటూరు నుంచి ఇంకో లెక్కల సారుని తెచ్చుకుంటామన్నారండీ మేనేజ్‌మెంటు వాళ్ళు. ఈయనకి పాఠం చెప్పడం తప్ప ఇంకోటి రాదు. ఇంట్లో బల్బు పోతే మార్చడం కూడా రాదండీ," అంది. ఆ మాట అంటూ ఆవిడ కళ్ళొత్తుకుంది. ఆయన తల వంచుకున్నారు. పదిహేనేళ్ళుగా వందల మంది చేత లేచి నిలబడి నమస్కారం పెట్టించుకున్న మనిషి, నా గదిలో పిల్లల బొమ్మల మధ్య చిన్న కుర్చీలో అలా కూర్చుంటే నాకు చాలా బాధేసింది.

బాధేసినా, లోపల ఇంకో మూల సంతోషంగానూ ఉందని ఒప్పుకోవాలి. ఇది గొంతు జబ్బు కాదు, మనసుకు సంబంధించినది. ఇన్నాళ్ళకి నా మౌనమునికి బేరం తగిలింది.

మర్నాడు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చున్నాను. ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ను చూశాను. నేను మాట్లాడకూడదని నా నియమం, ఆయన మాట్లాడలేరని ఆయన జబ్బు. ఫ్యాను తిరుగుతోంది. అలా ఎంతసేపు కూర్చున్నామో గాని, చప్పుడు వినపడక అనుమానమొచ్చి పక్కగది ఫిజియో తలుపు తోసుకుని వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూసి గొంతు తగ్గించి, "ఎవరన్నా పోయారా అక్కా?" అని అడిగాడు.

మౌనముని పని అంతటితో సరి. ఆ మర్నాడు గద్దింపు రకం ఎత్తుకున్నాను. "ఏంటండీ ఇది? ఇంత చదువుకున్నారు, ఒక్క మాట అనలేరా? అనండి, ఆ!" అని టేబుల్ మీద చరిచాను. ఆయన నన్ను పరీక్షగా చూశారు. కొత్తగా చేరిన జూనియర్ లెక్చరర్ డెమో క్లాసు చూస్తున్నట్టు చూశారు. తర్వాత పలక మీద రాశారు. "ఇంకొంచెం గట్టిగా. వెనక బెంచీకి వినపడదు."

చెక్క అవతల ఫిజియో దగ్గర కాళ్ళు బారజాపుకుని ఉన్న పేషెంట్లకు మా గది మంచి కాలక్షేపంగా ఉండేది. గద్దింపు రోజున వాళ్ళలో ఒకాయన పాపం, భయపడి ఎన్నాళ్ళుగానో ముడవని మోకాలు ముడిచేశాడని ఫిజియో చెప్పాడు. నా వైద్యం గోడ అవతల పనిచేస్తోంది, ఇవతలే చేయడం లేదు.

ఇంక మిగిలింది అమ్మమ్మ. మూడో రోజు కుర్చీ దగ్గరగా జరిపి, మెల్లగా, కళ్ళు మూసుకోండి, భుజాలు వదిలేయండి, తొందరేం లేదు, ఊపిరి పీల్చండి అని చెబుతూ పోయాను. ఆయన బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తల పక్కకు వాలింది. నిద్రపోయారు. మామూలు నిద్ర కాదు, లేపితే లేవని నిద్ర. భార్య వచ్చి భుజం పట్టి ఊపితే గాని కళ్ళు తెరవలేదు. తెరవగానే కంగారుగా వాచీ చూసుకుని, చొక్కా సర్దుకుని, చాక్‌పీసు కోసం జేబు తడుముకున్నారు. అప్పుడే నాకు వెలగాల్సింది. వెలగలేదు. నా మూడు రకాలూ చచ్చుబడ్డాయన్న ఉక్రోషంలో ఉన్నాను.

ఆ సాయంత్రం టీ దగ్గర ఫిజియో అన్నాడు. "అక్కా, నేను మోకాలి మీద కొట్టి చూస్తాను. కాలు దానంతటదే ఎగురుద్ది. పేషెంటు అడ్డం పడ్డా ఆగదు. ఈయనకి అట్టాంటి చోటు ఎక్కడుందో చూడు. ఆలోచించే టైమివ్వకుండా కొట్టు."

రాత్రంతా అదే ఆలోచించాను. లెక్కల సారుకు ఎక్కడ కొడితే గొంతు ఎగురుతుంది?

పొద్దున ఆయన రాగానే, నా గదిలో పిల్లల కోసం పెట్టుకున్న నల్లబల్ల దగ్గరికి వెళ్ళాను. మా మేనకోడలికి ఆల్జీబ్రా చెబుతున్నానండీ, ఒక్కసారి సరిచూడండి అని, ఏ ప్లస్ బీ హోల్‌స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాశాను. మధ్యలో ఉండాల్సిన టూ ఏబీని ఎత్తేశాను. ఎనిమిదో తరగతి పిల్లాడు ఇది రాస్తే తొడపాశం తప్పేది కాదు.

ఆయన మొహం పాలిపోయింది. లేచి వచ్చి, మర్యాదగా నా చేతిలో చాక్‌పీసు తీసుకుని, మధ్యలో టూ ఏబీ రాసి వెళ్ళి కూర్చున్నారు.

నేను డస్టరు తీసుకుని దాన్ని తుడిచేశాను. "ఇది అక్కర్లేదండీ," అన్నాను.

ఆయన మళ్ళీ లేచారు. ఈసారి కాస్త పెద్దగా రాసి, కింద రెండు గీతలు కొట్టారు. నేను మళ్ళీ తుడిచాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు కదులుతున్నాయి, గాలి వస్తోంది. అప్పుడు దాచిపెట్టుకున్న మాట వదిలాను.

"మీ ఎదురు కాలేజీ సారు టూ ఏబీ లేకుండానే చెబుతున్నారటండీ. షార్ట్‌కట్టట. ర్యాంకులు కూడా వాళ్ళకే ఎక్కువ వస్తాయంట కదా?"

"ఎవడు చెప్పాడండీ!" అని గది అదిరిపోయింది. "టూ ఏబీ ఏదండీ? టూ ఏబీ లేకుండా హోల్‌స్క్వేర్ ఎట్టా వచ్చుద్ది? ఏ బదులు ఒకటి, బీ బదులు ఒకటి వేసి చూడండి, రెండా, నాలుగా? ఎవడండీ వాడు, రమ్మనండి ఇక్కడికి!"

చెక్క అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఎగిరి గంతేయాలనిపించింది. ఆయన మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుని, తలుపు వైపు చూస్తున్నారు. ఆ కళ్ళల్లో ఉన్నది సంతోషం కాదు, భయం.

"బయటికి వినపడిందా మేడమ్?" అన్నారు, గుసగుసగా.

వినపడకేం, మీ గొంతు వచ్చేసింది కదండీ అన్నాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. గొంతు వచ్చిన మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"వచ్చిందని తెలిస్తే రేపు నాలుగింటికి వ్యాను పంపిస్తారండీ. పొద్దున గుణదల క్యాంపస్, మధ్యాహ్నం భవానీపురం, సాయంత్రం పోరంకి. ఆ తర్వాత రాత్రి స్టడీ అవర్లో డౌట్లు. నాకు పాఠం చెప్పడం ఇష్టమేనండీ, ప్రాణం. కానీ ఒకే లెక్క రోజుకి ఆరుసార్లు చెప్పేసరికి, నేను చెబుతున్నానో ఇంకెవరన్నా చెబుతున్నారో నాకే తెలియట్లేదు." జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుని అన్నారు. "మా చిన్నపాప నన్ను సార్ అంటదండీ. ఇంటికి ఎవరు ఫోన్ చేసినా సార్ ఉన్నారా అంటారు, మా ఆవిడ సార్ లేరండీ అంటది. అదే నా పేరనుకుంది. ఈ మూడు వారాలే అది నన్ను పగటిపూట చూడటం. కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకండి మేడమ్."

పిల్లలూ, పుస్తకాల్లో ఇది లేదు. రోగం తగ్గించడం ఎలాగో రాశారు, తగ్గిందని ఎవరికి చెప్పాలో రాయలేదు. నా ఫీజు కట్టేది కాలేజీ. చెప్పకపోతే దసరా గడువు దాటి ఆయన ఉద్యోగం ఊడుతుంది. చెబితే ఆయన మళ్ళీ ఆ వ్యాను ఎక్కుతారు, నెల తిరక్కుండా గొంతు మళ్ళీ పోతుంది, ఈసారి టూ ఏబీకి కూడా లొంగదు. నేను పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కడుపుబ్బ నవ్వి, "చెవుల డాక్టర్నే గాని నాకూ ఒక్కోసారి చెవులు పనిచేయవమ్మా. నువ్వేదో అన్నావు, నాకు వినపడలేదు," అని తర్వాతి పేషెంటును పిలిచారు.

అలా నాలుగో రకం థెరపిస్టునయ్యాను. తోడుదొంగ రకం. హాస్టల్లో మాకు ఈ వేషం తట్టనే లేదు.

రోజూ పొద్దున సారు వచ్చేవారు. నా గదిలో కాసేపు గొంతును అలవాటు పడేలా మెల్లగా మాట్లాడించేదాన్ని. తర్వాత పక్కగదిలో ఫిజియో మంచం మీద పడుకుని నిద్రపోయేవారు. ఫిజియో కిటికీకి దుప్పటి కట్టి, నడుంనొప్పి వాళ్ళను గట్టిగా మూలగొద్దని బతిమాలేవాడు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి పాపతో కలిసి అన్నం తినేవారు.

సెలవులు ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతాయనగా, చెప్పాపెట్టకుండా క్యాంపస్ ఇన్‌ఛార్జి ఊడిపడ్డాడు. చేతిలో రెండు ఫోన్లు, కళ్ళ కింద నల్లటి చారలు. మా సారేరండీ అన్నాడు. నేను నోరు తెరిచేలోగా చెక్క అవతల నుంచి ఒక గురక వచ్చింది. చివరి బెంచీకి వినపడే గురక. ఇన్‌ఛార్జి గబగబా వెళ్ళి చూశాడు.

"గొంతు లేదన్నారు, గురక ఇంత గట్టిగా ఉందేంటండీ?"

"అదేనండీ ఈ జబ్బు. దగ్గులో గొంతుంటుంది, నిద్రలో గొంతుంటుంది. పాఠం చెప్పబోతే పోతుంది," అన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. జబ్బు గురించి చెప్పాను, అంతే. అది తగ్గిందని మాత్రం చెప్పలేదు.

అతను ఆలోచనలో పడ్డాడు. "అయితే నిద్రలో పాఠం చెప్పించే మార్గమేమన్నా ఉందాండీ?" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

అదును చూసి అన్నాను. "సెలవుల తర్వాత వస్తారు లెండి. కానీ రోజుకి రెండే పీరియడ్లు. ఒకే క్యాంపస్. తెల్లవారుజాము క్లాసులు కుదరవు. మైకు పెట్టాలి. రాత్రి డౌట్లు లేవు."

"రెండా! ఆరు చెప్పే మనిషండీ. అయిదు చేయండి."

నేను బీసెంట్ రోడ్డులో చీరలు బేరమాడి ఆరితేరిన మనిషిని. ఎక్కడ ఆగాలో తెలుసు. "అయిదు చెప్పించుకోండి. నెల తర్వాత మళ్ళీ గొంతు పోతే నా దగ్గరికి తేవద్దు. గుంటూరు సారునే తెచ్చుకోండి. కరపత్రం మీద ఎవరి ఫోటో వేస్తారో, పిల్లల తల్లిదండ్రులకి ఏం చెబుతారో మీ ఇష్టం," అన్నాను.

గురక ఎప్పుడో ఆగిపోయింది. ఇన్‌ఛార్జి వెనక, గుమ్మంలో దుప్పటి కప్పుకుని సారు నిలబడి ఉన్నారు. ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు. ఆయన పాఠం, ఆయన ఇల్లు, రెండూ ఆ గుమ్మంలో వేలాడుతున్నాయి.

ఇన్‌ఛార్జి ఫోన్లు రెండూ జేబులో పడేసి, "మూడు," అన్నాడు. "ఎనిమిదింటికి మొదలు. మైకు మేమే పెట్టిస్తాం."

ఏదో పెద్ద నష్టానికి ఒప్పుకుంటున్నట్టు నిట్టూర్చి, సరే అన్నాను. మూడైతే చాలని నేను ముందే అనుకున్నాను. సారు అడుగు ముందుకు వేసి ఇన్‌ఛార్జికి చేతులు జోడించారు. ఒక్క మాట కూడా అనలేదు. అంత గొంతున్న మనిషి అంత సంతోషంలోనూ నోరు మూసుకోగలిగారంటే, నా మౌనముని విద్య ఆయనకే అబ్బిందనుకున్నాను.

దసరా తర్వాత ఆయన మామూలు గొంతుతోనే క్లాసుకు వెళ్ళారు. ఒకరోజు భార్య బొబ్బట్లు తెచ్చి పెట్టి, "పాప ఇప్పుడు నాన్నా అంటందండీ. లెక్కలు చెబుతా రామ్మా అంటే మాత్రం పారిపోతంది," అంది. నా ఉద్యోగంలో నేను అందుకున్న మెడల్ అదొక్కటే. బొబ్బట్లలో ఫిజియోకు సగం వాటా ఇచ్చాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. సారు మూడు పీరియడ్లకే ఇంటికి వెళుతున్నారన్న సంగతి స్టాఫ్‌రూముల్లో ఎంత దూరం పాకిందో నాకేం తెలుసు? ఒక సోమవారం పొద్దున వచ్చేసరికి నా గది బయట బెంచీ నిండిపోయింది. అందరూ ఇస్త్రీ చొక్కాల వాళ్ళే, అందరి చేతులకీ చాక్‌పీసు పొడే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ. ఒక్కరూ మాట్లాడటం లేదు. నన్ను చూసి అందరూ ఒకేసారి గొంతు పట్టుకున్నారు.

ఫిజియో తలుపులోంచి తొంగి చూసి, "నాకు ఇంకో నాలుగు మంచాలు కావాలక్కా," అన్నాడు.

ఒక్కొక్కరినీ పిలుస్తూ పోయాను. పూర్తిగా గొంతు పోయినవాళ్ళు లేరు. గొంతు బాగున్నవాళ్ళూ ఒక్కరు లేరు. మధ్యాహ్నానికి బెంచీ మీద చివరి మనిషి మిగిలాడు. తల ఎత్తి చూస్తే క్యాంపస్ ఇన్‌ఛార్జి. రెండు ఫోన్లూ స్విచ్చాఫ్ చేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీకేమైందండీ?" అన్నాను.

అతను రెండు అరచేతులూ కలిపి చెంప కింద ఆనించుకుని, పక్కగది వైపు చూశాడు.

"మంచం ఖాళీ లేదండీ. ఫిజిక్స్ సారు పడుకున్నారు. కాసేపు కూర్చోండి," అన్నాను.